నెయ్యి వద్దంటే వెన్న రాశారు: బెజవాడ, గుంటూరుల్లో పాలు లేని మూడు రోజులు

బెజవాడలో గది తీసుకునేటప్పుడు 'వీగన్ టిఫిన్ ఉంది' అన్న ఒక్క మాట చూసి డబ్బు కట్టేయకండి. వీగన్ అంటే పాలు, నెయ్యి, తేనె సహా జంతువుల నుంచి వచ్చేదేదీ లేని తిండి. రోజుకి 2,600 రూపాయలు పుచ్చుకున్న ఒక లాడ్జిలో ఆ వీగన్ టిఫిన్ ఏమిటంటే బ్రెడ్డు, వెన్న, జాము, కార్న్‌ఫ్లేక్స్, పక్కన వేడి పాలు. ఇడ్లీలున్నాయి గానీ కారప్పొడి, నెయ్యి ముందే పూసేశారు. నెయ్యి వద్దని తిప్పి పంపితే కొత్త ప్లేటు మీద వెన్న పెట్టి తెచ్చారు. "మాది ప్యూర్ వెజ్ సార్, కోడిగుడ్డు కూడా రానివ్వం" అన్నాడు వడ్డించే అబ్బాయి. అతన్ని తప్పు పట్టలేం. తెలియని మాటని గిరాకీ కోసం ఆన్‌లైన్‌లో రాసుకున్న యాజమాన్యానిదే తప్పు. టిఫిన్ డబ్బులు తగ్గించమంటే అదీ లేదు.

మన దగ్గర ప్యూర్ వెజ్ అంటే పాలు, నెయ్యి పుష్కలంగా ఉన్న భోజనం. ప్యాకెట్ల మీది ఆకుపచ్చ చుక్క కూడా అంతే, పాలకీ తేనెకీ అడ్డు చెప్పదు. వీగన్‌కి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో వేరే గుర్తు తెచ్చింది, ఆకు మొలిచిన ఆకుపచ్చ 'వి' అక్షరం. చిన్న కొట్లలో అది కనబడటం అరుదు కాబట్టి బిస్కట్ ప్యాకెట్ వెనక పదార్థాల పట్టికలో పాల పొడి ఉందేమో చూసుకోవడమే దారి.

హోటల్లో వీగన్ అన్న మాటే ఎత్తొద్దు. పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, పన్నీరు వద్దని ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పాలి, అదీ వడ్డించేవాళ్లకి కాదు, పెనం దగ్గరున్న మాస్టరుకి. పెసరట్టు పిండిలో పెసలు, అల్లం, పచ్చిమిర్చి లాంటివే తప్ప పాల సరుకేదీ ఉండదు. చిక్కంతా పెనంతోనే. ముందు వేసిన నేతి దోసె జిడ్డు దాని మీదే ఉంటుంది, రుద్దే సగం ఉల్లిపాయ కూడా నేతిలో మునిగిందే. ఏడు గంటల లోపు వెళితే పెనం శుభ్రంగా ఉంటుంది, మాస్టరుకి వినే తీరికా ఉంటుంది. గవర్నరుపేటలో ఒక చిన్న టిఫిన్ బండి దగ్గర 50 రూపాయలకి నూనెతో కాల్చిన పెసరట్టు, అల్లం పచ్చడి తిన్నాం. ఆ లాడ్జి టిఫిన్ దీని ముందు దండగ.

మధ్యాహ్నం భోజనానికి దిగులక్కర్లేదు. 160 రూపాయల ఆంధ్రా భోజనంలో నేతి గిన్నె, పెరుగు కప్పు, స్వీటు పక్కన పెట్టేస్తే ముద్దపప్పు, గోంగూర పచ్చడి, దొండకాయ వేపుడు, పులుసు, చారు మిగులుతాయి. తాలింపు నూనెదా నేతిదా అని పప్పు దగ్గరొకసారి, చారు దగ్గరొకసారి అడగండి. అందరూ మోసపోయేది చల్ల మిరపకాయల దగ్గర. మజ్జిగలో ఊరబెట్టి ఎండబెడతారు కాబట్టి నూనెలో వేయించినా అవి మనకి పనికిరావు. గుమ్మడి వడియాలు నిక్షేపంగా తినొచ్చు. సాయంత్రం మైసూరు బజ్జీ మానేయండి, ఆ మైదా కలిపేది పుల్ల పెరుగుతో. పునుగులు ఇడ్లీ పిండివైతే సరే. రవ్వ దోసెలో మజ్జిగ, నాన్‌లో పెరుగు, వెజ్ బిర్యానీలో పెరుగూ నెయ్యీ రెండూ ఉంటాయి. రాత్రికి పుల్కాలు పైన ఏమీ రాయకుండా తెప్పించుకోవడం మేలు.

సోయా పాలు 200 మిల్లీలీటర్ల ప్యాకెట్లే కొనండి, ఫ్రిజ్ లేని గదిలో లీటరు ప్యాకెట్ తెరిస్తే మిగిలింది పారబోయడమే. పొగలు కక్కే కాఫీలో పోస్తే విరుగుతాయి. పాలు కాస్త వేడి చేసి, కాఫీ కొంచెం చల్లారాక కలపాలి. బి12 మాత్రలు ప్రయాణంలోనూ మానొద్దు, మొక్కల తిండి మీద దానికి ఆధారపడలేం.

ఇంద్రకీలాద్రి, బ్యారేజీ ఒక పూటలో అయిపోయాయి. కొండ మీద లడ్డూ నేతిది, ఇంట్లో తినేవాళ్లకి పట్టుకెళ్లొచ్చు. మంగళగిరి మాత్రం మనసు నింపింది. పానకాల స్వామికి నైవేద్యం బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన నీళ్లు. బిందెలో సగం స్వామి నోట్లో పోసి మిగతా సగం ప్రసాదంగా ఇస్తారు. ఎవరినీ ఏమీ అడగకుండా కడుపారా తాగిన ప్రసాదం అదే. పట్టుపురుగుల నుంచి వస్తుందని పట్టు మానేసినవాళ్లు చీరలూ ఇక్కడే కొనుక్కోవచ్చు, నూలువి చక్కగా ఉంటాయి. పట్టు కలిపి నేసినవీ అదే బల్ల మీద ఉంటాయి, అడిగి తీసుకోండి.

గుంటూరులో లాడ్జి జోలికి పోకుండా బ్రాడీపేటలో వంటగది ఉన్న ఫ్లాటు 1,900కి తీసుకున్నాం. పెరుగన్నం లేదని మాతో వచ్చిన అత్తయ్యగారు మొదటి రోజు నుంచీ ముభావంగా ఉన్నారు మరి. మిరపకాయల ఊళ్లో దానికి మందు తొడిమల్లోనే ఉంది, వాటితో పల్లీ పాలు తోడుపెట్టి పెరుగు చేసుకోవచ్చు. పావుకిలో పచ్చి పల్లీలు ఎనిమిది గంటలు నానబెట్టి, పొట్టు తీసి, మొత్తం ముప్పావు లీటరు నీళ్లతో మెత్తగా రుబ్బి గుడ్డలో వడకట్టాలి. సన్న సెగ మీద కలుపుతూ పది నిమిషాలు మరిగించాలి. కలపడం ఆపితే అడుగంటుతుంది, తొందరపడి దింపితే పచ్చి వాసన పోదు. వేలు పెడితే గోరువెచ్చగా ఉన్నప్పుడు, పచ్చిమిర్చి తొడిమలు పది, పన్నెండు కడిగి ముచ్చికలతో సహా వేసి రాత్రంతా కదపకుండా మూతపెట్టాలి. వేడి ఎక్కువుండగా వేస్తే తోడుకోదు. తెల్లారి దాటినా వదిలేస్తే పులిసి నీరు తేలుతుంది. మొదటి విడత జారుగా, కాస్త ఘాటుగా వస్తుంది. దాన్ని తినే బదులు రెండు చెంచాలు తీసి రెండో విడతకి తోడు వేస్తే గట్టిగా పేరుకుంటుంది. అల్లం, కరివేపాకు, ఆవాలతో తాలింపు పెడితే పల్లీ వాసన అణుగుతుంది. అత్తయ్యగారు దాంతోనే రెండుసార్లు అన్నం కలుపుకున్నారు. మజ్జిగ చేద్దామని మాత్రం నీళ్లు పోయకండి, పల్లీ వాసన మళ్లీ పైకొస్తుంది.