చేత్తో తిప్పే సూర్యుడు, భూమి, చంద్రుడు మోడల్: ఏడాది వాడాక

అనంతపురంలో డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు లెక్కలు చెప్తాను. మా సెక్షన్‌లో పదకొండు మందికి చెవులు వినపడవు. వాళ్ళకు ఖగోళం, బీజగణితం కలిపి చెప్పడానికి క్లాక్ టవర్ దగ్గర ల్యాబ్ సామాన్లు అమ్మే దుకాణంలో 2025 జూన్‌లో ఈ మోడల్ కొన్నాను. 1,450 రూపాయలు. నడుమ బల్బు, పొడుగు కడ్డీ చివర గ్లోబు, దాని పక్కన చిన్న తెల్ల చంద్రుడు. మోటారు లేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ మోటారు లేకపోవడమే. అంతకుముందు మోటారుది వాడాం. వినే పిల్లలు కళ్ళు మోడల్ మీద, చెవులు నా మీద పెడతారు. వీళ్ళకు రెండు పనులూ కళ్ళతోనే. నా మాటల్ని సైగల భాషలో చెప్పే మేడమ్ చేతుల వైపు చూసి మళ్ళీ ఇటు తిరిగేలోపు చంద్రుడు సగం చుట్టు వెళ్ళిపోయేవాడు. ఇది ఆపిన చోటే ఆగుతుంది. నేను తిప్పి ఆపుతాను, అప్పుడు మేడమ్ చేతులు కదుపుతారు. పాఠం నెమ్మదిగా సాగుతుంది, కానీ ఎవ్వరూ వెనకబడరు.

బల్బు బాగా కనపడాలంటే గది చీకటి చేయాలి. చీకటైతే మేడమ్ చేతులు కనపడవు! ఆవిడ పక్కన ఒక టేబుల్ ల్యాంప్ పెట్టుకోండి, గోడ వైపు వెలుతురు పోకుండా.

లెక్కకు మాత్రం ఇది బంగారం. చంద్రుడు రోజుకు 13.2 డిగ్రీలు నడుస్తాడు, సూర్యుడు అదే వైపు దాదాపు 1 డిగ్రీ జరిగినట్టు కనపడతాడు. తేడా 12.2. ఎక్స్‌కి పిల్లలు రెండు చూపుడు వేళ్ళు అడ్డంగా పెడతారు, గుణకారం గుర్తూ అట్లాగే ఉంటుంది కాబట్టి ఎక్స్ మానేసి, చంద్రుడు మళ్ళీ సూర్యుణ్ణి కలవడానికి పట్టే రోజులకు 'డి' పెట్టుకున్నాం. 12.2 డి = 360. డి 29.5 వచ్చింది. ఒకమ్మాయి వెంటనే గోడ మీది క్యాలెండర్ దగ్గరికెళ్ళి అమావాస్య నుంచి అమావాస్యకు వేలితో లెక్కపెట్టింది. ఒక నెల 29, ఇంకో నెల 30. వెనక్కి తిరిగి రెండు చేతులూ పైకెత్తి ఊపింది.

లోపం కూడా పిల్లలే పట్టారు. చంద్రుడి కడ్డీ బల్లపరుపుగా ఉంటుంది, అందుకని ప్రతి పున్నమికీ చంద్రుడు గ్లోబు నీడలో పడతాడు. సెప్టెంబర్ 7 రాత్రి గ్రహణం చూశాం, మరి మిగతా పున్నములకు ఎందుకు రాలేదని ఒకబ్బాయి అడిగాడు. నిజంలో చంద్రుడి దారి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. కడ్డీ పీకేసి, ఇనుప తీగను గాజులా వంచి గ్లోబు చుట్టూ వాలుగా కట్టాం. ఈ సైజులో 5 డిగ్రీలకు నీడ తప్పదు, 20 దాకా వాల్చాల్సి వచ్చింది. అది అసలు కొలత కాదని బోర్డు మీద రాశాను.

కొనేటప్పుడు గ్లోబు కింది స్క్రూ గట్టిగా ఉందో లేదో చూసుకోండి. మాది రెండో నెలకే వదులైంది.