పీకి చూడటమా, ఏళ్ల తరబడి లెక్కపెట్టడమా? తీరంలో పరిశోధనకు ఏది మేలు?

మెరైన్ బయాలజీలో పీజీ చేసి తీరప్రాంత జీవుల మీద పీహెచ్‌డీకి దిగేవాళ్ల ముందు ప్రధానంగా రెండు పద్ధతులుంటాయి. ఒకటి, రాళ్ల మీదున్న ఒక జీవిని తీసేసి ఏం జరుగుతుందో చూడటం. రెండోది, దేన్నీ ముట్టుకోకుండా ఒకే చోట ఏటా లెక్క రాసుకోవడం. మొదటిదానికి పేరొస్తుందని, రెండోది గుమాస్తా పనని చాలామంది అనుకుంటారు. అందులో సగమే నిజం.

పేరు విషయంలో మాత్రం నిజమే. 1963లో ఎకాలజిస్ట్ రాబర్ట్ పెయిన్ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో, మకా బే రాళ్ల మీదున్న పిసాస్టర్ సముద్ర నక్షత్రాలను పీకి సముద్రంలోకి విసరడం మొదలుపెట్టారు. తినేవాటి బెడద తప్పేసరికి ఆలిచిప్పలు రాయంతా ఆక్రమించాయి. 15 రకాల జీవులుండే చోట 8 మిగిలాయి. 1966లో పత్రం వచ్చింది, ఇలా తాను లేకపోతే చుట్టూ ఉన్నదంతా మారిపోయే జీవికి 1969లో ‘కీస్టోన్’ అనే మాట పెట్టారు. ఇప్పటికీ ఎకాలజీ సిలబస్‌లో అది లేని చోటు లేదు.

ఇంగ్లండ్‌లో అలన్ సౌత్‌వార్డ్ దారి వేరు. ప్లిమత్‌లోని మెరైన్ బయలాజికల్ అసోసియేషన్‌లో ఉంటూ 1950లలో బార్నకిల్స్ లెక్క మొదలుపెట్టారు. రాళ్లకు, పడవల అడుగుకు అంటుకునే గుల్లలే ఇవి. వాటిలో వెచ్చని నీళ్ల రకం ఎంత, చల్లని నీళ్ల రకం ఎంత అన్నదే ప్రశ్న. 1980ల చివర్లో ఇలాంటి దీర్ఘకాలిక లెక్కలకు అక్కడ నిధులు ఆగిపోయాయి. ఆయన మాత్రం రిటైరయ్యాక కూడా జీతం లేకుండా కొనసాగించారు. తర్వాత వాతావరణ మార్పు పెద్ద చర్చ అయినప్పుడు, తీరజీవులు ఎలా జరుగుతున్నాయో చూపడానికి అవే లెక్కలు అక్కరకొచ్చాయి. అంత ఓపిక నాకైతే ఉండేది కాదు.

మనవాళ్ల సంగతికొస్తే మొదట చూడాల్సింది కాలం. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) కింద 42,000, మొత్తం అయిదేళ్లు. ప్రయోగం ఈ గడువులో జవాబు చెప్తుంది. అయిదేళ్ల లెక్కలో మాత్రం ఒక తుపాను ఏడాది పడితే చాలు, అది మార్పో, ఆ ఏటి పోకడో తేలదు.

రెండోది చోటు. విశాఖలో పోటుకీ పాటుకీ తేడా ఒకటిన్నర మీటరుకు అటూఇటూ, అంతే. పని చేయడానికి దొరికే రాతి పట్టీ సన్నం. పైగా జనం తిరిగే బీచ్‌లో, తీసేసిన జీవి మళ్లీ రాకుండా రాయి మీద వలపంజరం బిగించి వస్తే మళ్లీ వెళ్లేసరికి ఉంటుందన్న భరోసా లేదు. పెయిన్ తర్వాత దశాబ్దాలు పనిచేసిన టటూష్ ద్వీపం మకా తెగవారిది. వాళ్ల అనుమతి లేకుండా ఎవరూ అడుగుపెట్టరు కాబట్టే ఆయన ప్రయోగాలు చెక్కుచెదరలేదు. పుస్తకాల్లో ప్రయోగమే ఉంటుంది, ఈ సౌకర్యం గురించి ఎవరూ చెప్పరు.

లెక్కల దారిలో ఇబ్బంది ఇంకోటి. అది ఒక్కడి వల్ల సాగే పని కాదు. 1947లో పుట్టిన సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) దేశమంతటా చేపల రేవుల్లో శాంపిల్ సర్వే చేసి ఎంత చేప ఒడ్డుకొచ్చిందో అంచనా కడుతుంది. మనుషులు మారినా పని ఆగదు. అలాంటి చోట ఉద్యోగం దొరికితే రెండో దారే మేలు, సందేహం లేదు. పత్రాల్లో సొంత పేరు తక్కువ కనిపించవచ్చు. దాన్ని తట్టుకోగలగాలి.

2013లో అమెరికా పశ్చిమ తీరంలో సముద్ర నక్షత్రాలు రోగంతో కుప్పలుగా చనిపోయాయి. పెయిన్ చేత్తో చేసిన పని ఈసారి ప్రకృతి తీరం పొడవునా చేసిందన్నమాట. నక్షత్రాలు పోతే ఏమవుతుందో ఊహించడానికి ప్రయోగం పనికొచ్చింది. ఎన్ని పోయాయో చెప్పడానికి మాత్రం పాత లెక్కలే దిక్కయ్యాయి.

అందుకే పీహెచ్‌డీకి నా ఓటు ప్రయోగానికే, కానీ ఒక షరతుతో. ఏమీ తీసేయకుండా పోలిక కోసం వదిలే గళ్లు, అంటే రాయి మీద గుర్తు పెట్టిన చదరాలు, ప్రతి ప్రయోగంలోనూ ఉంటాయి. తర్వాత ఎవరైనా అదే చోట లెక్క కొనసాగించేలా వాటి మూలల్లో తుప్పు పట్టని స్టీలు బోల్టులు దించి, జీపీఎస్ గుర్తులతో సహా థీసిస్ అనుబంధంలో రాసిపెట్టాలి. బోల్టులకు ముందే అనుమతి తీసుకోవాలి. గైడ్ రిటైర్మెంట్ ఎప్పుడో కూడా చేరకముందే కనుక్కోవడం మంచిది.