జాగ్రత్త: తాళం తిప్పాక పంపు శబ్దం ఆగని పాత కారు

పాత పెట్రోల్ కారు కొనబోతున్నారా? డబ్బు చేతికిచ్చే ముందు ఒక్క పని చేయండి. మీరు వెనక సీట్లో కూర్చుని, ముందున్నవాళ్లను తాళం ఆన్‌లో పెట్టమనండి. సెల్ఫ్ కొట్టొద్దు. పెట్రోల్ ట్యాంకు వైపు నుంచి సన్నగా 'జుయ్' మని మోటారు శబ్దం వస్తుంది. అది ట్యాంకులోంచి ఇంజిన్‌కి పెట్రోల్ తోసే పంపు శబ్దం. చాలా కార్లలో అది రెండు మూడు సెకన్లు వచ్చి ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉందంటే ఆ బండి వైరింగ్‌లో ఎవరో చెయ్యి పెట్టి ఉండవచ్చు. ఈ సంగతి ముందే తెలిసుంటే నేను మే నెల ఎండలో, అమ్మను పక్కన పెట్టుకుని, హైవే మీద ఆగిపోయేవాణ్ణి కాదు.

2025 ఫిబ్రవరిలో విజయవాడలో ఒక కార్ కన్సల్టెన్సీ దగ్గర 2009 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. ధర 1,35,000. ఆర్సీ రెన్యువల్ అయి ఉంది, టైర్లు బాగున్నాయి, ఏసీ బాగుంది. బెంజ్ సర్కిల్ చుట్టూ పది నిమిషాలు నడిపి చూశాను. తాళం ఆన్ చేసి ఉన్నంతసేపూ వెనక నుంచి శబ్దం వస్తుంటే అడిగాను కూడా. "పాత బండి కదండీ, ఆమాత్రం శబ్దం ఉంటుంది" అన్నారు. నమ్మాను.

మార్చి దాకా ఏ ఇబ్బందీ లేదు. ఎండలు ముదిరాక మొదలైంది. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే అందుకునేది. ఓ నలభై నిమిషాలు తిరిగి, ఎక్కడైనా పావుగంట ఆపితే మాత్రం ఇక స్టార్ట్ అయ్యేది కాదు. సెల్ఫ్ గట్టిగానే తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ ఎంతసేపు పెట్టినా ఆగదు.

మొదటి మెకానిక్ బ్యాటరీ అన్నాడు. 4,700 పెట్టి కొత్తది వేయించాను. సెల్ఫ్ బలంగా తిరుగుతున్నప్పుడు తప్పు బ్యాటరీది ఎందుకవుతుందని నేను ఆ రోజే అడగాల్సింది. రెండో మెకానిక్ ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడు, బండి అందుకుంది. "పంపు పోయింది" అని తేల్చేశాడు. ఆ దెబ్బకి అరిగిన పంపు మోటారు కదిలే మాట నిజమే. కానీ అదే అదురుకి వదులుగా ఉన్న వైరు జాయింటు కూడా కలుస్తుందని ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. కొత్త పంపు, కూలి కలిపి 5,200. పాత పంపు వెనక్కి అడగలేదు. అది నా పొరపాటు. ఏ పార్టు మార్చినా పాతది మీ చేతికి ఇమ్మనండి. అది నిజంగా పోయిందో లేదో తర్వాత ఇంకొకరికి చూపించడానికి అదొక్కటే ఆధారం.

తెలిసినవాళ్లంతా "ఈ20 పెట్రోల్ వల్లే" అన్నారు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ కోసం 2009 నాటి బండి తయారు కాలేదన్నది నిజం. రోజులు గడిచేకొద్దీ రబ్బరు పైపులు, సీళ్లు దెబ్బతినొచ్చు. కానీ అలా దెబ్బతిన్న పైపులు, సీళ్లు అరగంట నీడన పెడితే బాగుపడవు కదా. వేడెక్కితే వచ్చి చల్లబడితే పోయే తేడాని ఎక్కువగా కరెంటు వైపే వెతకాలి.

మే మూడో వారంలో అమ్మ కంటి పరీక్షకి హైదరాబాద్ వెళ్లి తిరిగి వస్తున్నాం. సూర్యాపేటలో టీ తాగి వచ్చేసరికి బండి మొరాయించింది. అరగంట చెట్టు కింద నిలబడ్డాం. మళ్లీ స్టార్ట్ అయింది కదా అని బయల్దేరాను. కోదాడ దాటి చిల్లకల్లు టోల్‌గేటు ఇంకా రాకముందే, ఎనభైలో వెళ్తుండగా, రోడ్డు మీద చిన్న కుదుపుకి ఇంజిన్ టక్కున ఆగిపోయింది. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ తిప్పడం బాగా బరువవుతుంది. బ్రేకు ఒకటి రెండు సార్లు మామూలుగా పనిచేసి తర్వాత రాయిలా గట్టిపడుతుంది. వెనక లారీ హారన్ కొడుతూనే ఉంది. ఎలాగో ఎడమ పక్కకి తెచ్చి ఆపాను. అమ్మ ఒక్క మాట అనలేదు, తలుపు పైన హ్యాండిల్ మాత్రం చాలాసేపు వదల్లేదు. ఈ పోస్టు రాయడానికి కారణం పోయిన డబ్బు కాదు, ఆ రెండు నిమిషాలు.

చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. నలభై ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పనే చేస్తున్నారట. ఆయన ముందు దేన్నీ విప్పలేదు. "ఆగని బండిలో రోగం ఎక్కడని వెతుకుతాం బాబూ, ముందు ఆగనివ్వు" అన్నారు. ఎండలో పెట్టి, ఏసీ వేసి, ముప్పావుగంట ఇంజిన్ నడిపించి ఆపారు. పావుగంటకి సెల్ఫ్ కొడితే అందుకోలేదు. అప్పుడు మీటరు తీశారు. బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు. వెనక సీటు కింద పంపు కనెక్టర్ దగ్గర 7. "దారిలో అయిదు వోల్టులు ఎవరు తింటున్నారో చూద్దాం" అన్నారు.

ఇక్కడ ఆయన చెప్పిన ఒక కిటుకు అందరికీ పనికొస్తుంది. పంపుకి వైరు తగిలించి ఉండగానే వోల్టేజి కొలవాలి. విప్పేసి కొలిస్తే పాడైన జాయింటు కూడా పూర్తి 12 చూపిస్తుంది, ఎందుకంటే అప్పుడు దాంట్లోంచి కరెంటు లాగేది ఏదీ ఉండదు.

డ్రైవర్ కాళ్ల పక్కన ప్లాస్టిక్ తీస్తే బయటపడింది. ఇగ్నిషన్ స్విచ్ నుంచి ఒక ఎర్ర వైరు నేరుగా పంపు వైరుకి మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి ఉంది. టేపు కరిగి జిగురైంది, లోపల రాగి నల్లబడింది, జాయింటు ముట్టుకోలేనంత వేడిగా ఉంది. ఫ్యూజు బాక్సులో పంపు రిలే (పంపుకి కరెంటు కలిపి, ఆపే స్విచ్) కూర్చునే చోట టెర్మినల్ కాలి, ప్లాస్టిక్ కరిగి ఉంది. ఎప్పుడో ఆ టెర్మినల్ కాలిపోతే, సరిచేయకుండా రిలేని తప్పించి డైరెక్ట్ వైరు లాగేశారు. ఆ జాయింటు వేడెక్కినప్పుడల్లా కరెంటు సరిగా పోదు, చల్లబడితే పోతుంది. నేను కొత్త పంపు వేసినా దానికీ ఆ 7 వోల్టులే అందాయి.

బండి ఆగిపోవడం కన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. అసలు పద్ధతిలో ఇంజిన్ తిరుగుతుంటేనే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) రిలేని ఆన్‌లో ఉంచుతుంది. యాక్సిడెంట్ అయి ఇంజిన్ ఆగిపోతే పంపు కూడా ఆగుతుంది. అందుకే సెల్ఫ్ కొట్టకుండా తాళం ఒక్కటే ఆన్ చేస్తే రెండు మూడు సెకన్లలో శబ్దం ఆగాలి. డైరెక్ట్ వైరు ఉన్న బండిలో, పెట్రోల్ పైపు తెగినా సరే, తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ పంపు పెట్రోల్ తోస్తూనే ఉంటుంది. పైగా నా బండిలో ఆ వైరుకి ఫ్యూజు కూడా లేదు.

కొత్త రిలే, దాని బేసు, సరైన ఫ్యూజు, సోల్డర్ చేసి స్లీవు తొడిగిన జాయింటు, ఎర్త్ పాయింటు శుభ్రం చేయడం, అన్నీ కలిపి 1,900 తీసుకున్నారు. శబ్దం ఇప్పుడు మూడు సెకన్లకి ఆగుతోంది.

కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే "కండిషన్ చూసుకునే కదా తీసుకున్నారు" అన్నారు. నేను సంతకం పెట్టిన కాగితంలో 'ఉన్నది ఉన్నట్టుగా' అని ఉంది. అది చదివే పెట్టాను కాబట్టి ఇంకేమీ అనలేకపోయాను. మీరైతే ఆ కాగితం మీద సంతకానికి ముందే ఒక ఎలక్ట్రీషియన్ని తీసుకెళ్లండి.

పది నిమిషాల ట్రయల్‌కి ఒప్పుకోవద్దు. చల్లటి ఇంజిన్‌తో ఒకసారి స్టార్ట్ చేసి చూడాలి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు పొద్దున్నే వస్తామని చెప్పండి. తర్వాత కనీసం ముప్పావుగంట నడిపి, పావుగంట ఆపి, మళ్లీ స్టార్ట్ చేయాలి. పొద్దున మాత్రమే చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తూ, తాళం రెండు మూడు సార్లు ఆన్ ఆఫ్ చేశాక వెంటనే అందుకుంటుంటే, రాత్రంతా పైపులో ప్రెషర్ నిలవడం లేదన్నమాట. పంపులోని వాల్వు కారుతూ ఉండొచ్చు. వేడి మీద ఆగిపోయి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు అస్సలు కదలకపోతే పంపు కన్నా ముందు, ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకి తెలిపే క్రాంక్ సెన్సర్ చూపించండి. ట్యాంకులో పంపుని చల్లబరిచేది పెట్రోలే, కాబట్టి ఎప్పుడూ రిజర్వ్‌లో తిప్పిన బండి పంపు త్వరగా అరుగుతుంది.

ఇప్పటికే పాత కారు కొని వాడుతున్నవాళ్లు ఈ రాత్రే చూడండి. ఫ్యాను, ఏసీ, పాటలు ఆపేసి, తాళం ఆన్ చేసి వెనక సీట్లో చెవి పెట్టండి. పది సెకన్లకి కూడా శబ్దం ఆగకపోతే రేపు ముందు ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. అది సరిచేయించే దాకా పిల్లల్ని, పెద్దవాళ్లని ఎక్కించుకుని హైవే ఎక్కొద్దు.