ఇమిక్విమోడ్ క్రీమ్: మంటపుట్టిస్తుంది, కానీ పనిచేస్తుంది (5కి 3.5)

హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల జననాంగాల దగ్గర వచ్చే పులిపిర్లకి డాక్టర్ రాసిచ్చిన 5 శాతం ఇమిక్విమోడ్ గురించి ఈ రివ్యూ. చాలామంది రెండు వారాలు రాసి, ఎర్రబడి మండింది గానీ పులిపిర్లు కదల్లేదు, వేస్ట్ అని ఒక స్టార్ ఇచ్చి వెళ్లిపోతున్నారు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇది వైరస్‌ని నేరుగా చంపే మందే కాదండీ. మన ఇమ్యూనిటీ కణాల్లో టీఎల్‌ఆర్7 అని ఒకటి ఉంటుంది, వైరస్ ఆర్‌ఎన్‌ఏ (ఒక రకం జన్యు పదార్థం) తగిలితే మోగే అలారం అనుకోండి, ఈ మందు వైరస్‌తో పనిలేకుండా దాన్ని నొక్కేస్తుంది, ఇంటర్ఫెరాన్ లాంటి రక్షణ ప్రోటీన్లు విడుదలై మన ఒళ్లే పులిపిర్ల మీద పడుతుంది. ఆ ఎరుపంతా అందుకే. అసలు వైరస్సే లేని ఒక రకం పైపై చర్మ క్యాన్సర్‌కి కూడా 2004లో అమెరికాలో ఇదే క్రీమ్‌కి అనుమతిచ్చారంటే చూడండి.

వారానికి మూడు రాత్రులు, రోజు విడిచి రోజు. సాషే చింపి, తెల్లదనం కనపడకుండా పోయేదాకా పల్చగా రుద్దాలి, పైన ప్లాస్టర్ వేయొద్దు, 6 నుంచి 10 గంటలయ్యాక సబ్బుతో కడిగేయాలి, సాషేలో మిగిలింది దాచుకోకుండా పారేయాలి. ఎక్కువ పూస్తే త్వరగా పోతాయనుకుంటే పుండ్లు పడతాయి అంతే. నాకు మధ్యలో కూర్చోలేనంత మంట వచ్చింది, డాక్టర్ కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలెట్టమన్నారు, అలా ఆపడం మామూలేనట. ఒకట్రెండు సార్లు ఫ్లూ వచ్చినట్టు ఒళ్లు నొప్పులు కూడా.

గడువు 16 వారాల దాకా ఉంది. ట్రయల్స్‌లో పూర్తిగా పోయింది దాదాపు సగం మందికే, ఆడవాళ్లలో 72 శాతం, మగవాళ్లలో 33 శాతం, అదీ పోయినవాళ్లలో సగం మందికి 10 వారాలో, అంతకన్నా ఎక్కువో పట్టింది. రెండు వారాలకే తిట్టేవాళ్లు ఇది చదవాలి. నాకైతే పోయాయి, ఒకటి మాత్రం మొండికేస్తే ఫ్రీజ్ చేయించుకున్నా. మళ్లీ రావని గ్యారంటీ లేదు, వైరస్ లోపల ఉండిపోవచ్చు.

ఒకటిన్నర ఎందుకు తగ్గించానంటే, ఒకటి ఆ మంటకి. మిగతా సగం లీఫ్‌లెట్‌కి, ఈ క్రీమ్ కండోమ్‌ని బలహీనం చేస్తుందన్న సంగతి సన్నక్షరాల్లో ఎక్కడో మూల వేశారు, డబ్బా మీదే పెద్దగా వేయాల్సింది. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, ఆటోఇమ్యూన్ జబ్బు (ఇమ్యూనిటీ మన ఒంటి మీదే దాడి చేసేది) ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌కి చెప్పండి.