ఆఫర్ బుట్టలో సరుకు తేదీ చూసుకుని కొనండి
మల్కాజిగిరిలో మా వీధి చివర సూపర్‌మార్కెట్‌కి రెండు స్టార్లే ఇస్తున్నా. బియ్యం, పప్పులు మంచివే, పనివాళ్లు మర్యాదగా మాట్లాడతారు, కానీ ఆఫర్ బుట్టలో పెట్టేవాటి తేదీలు ఎవరూ చూడట్లేదు. పోయిన వారం ఒకటికి ఒకటి ఫ్రీ అంటే తెచ్చిన బొంబాయి రవ్వ విప్పితే సాలెగూడు లాంటి సన్నటి దారాలు, వాటికి అంటుకుని ఉండలు కట్టిన రవ్వ, అడుగున మెల్లగా కదులుతున్న తెల్ల పురుగు. వెనక్కి తీసుకెళ్తే "జల్లించుకుంటే సరిపోతుంది కదమ్మా" అన్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఆ మాటకి నిజంగా బాధేసింది.

బెస్ట్ బిఫోర్ దాటిన ప్రతిదీ పారేయమని నేననను. అది రుచి, నాణ్యత గురించి చెప్పే తేదీ, కాబట్టి పొడిగా, పురుగు లేకుండా ఉన్న కందిపప్పు, పంచదార నేనూ వాడతాను. కానీ యూజ్ బై, ఎక్స్‌పైరీ అని ఉంటే ఆ తేదీ దాటాక తినొద్దు. గోధుమపిండి ముక్కిన వాసన వస్తే వదిలేయండి. వేరుశనగ గుళ్లకి బూజు పడితే మొత్తం పారేయాల్సిందే, దాంట్లో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు. ఉబ్బిన టిన్ను అయితే రుచి కూడా చూడొద్దు.

మూడోసారి వెళ్తే డబ్బులిచ్చారు. బిల్లు దాచుకోండి, ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.