ఆర్పీకి కంటి మీద కరెంటు చికిత్స: మూడేళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను: పోయిన చూపు తిరిగి రాలేదు. రాత్రిపూట ఇప్పటికీ కనిపించదు. అయినా ఈ చికిత్స మానలేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాకున్నది రెటినైటిస్ పిగ్మెంటోసా, అందరూ ఆర్పీ అంటారు. వంశపారంపర్యంగా వచ్చే కంటి జబ్బు. రేచీకటితో మొదలైంది. రెటీనాలో, అంటే కంటి లోపల వెలుగును పట్టే పొరలో, మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు ముందు చచ్చిపోతాయి, తర్వాత పక్కచూపు తగ్గుతూ వస్తుంది. మా అమ్మానాన్నలది మేనరికం. ఉద్యోగం కోసం జర్మనీలోని స్టుట్‌గార్ట్ వచ్చాక ఇక్కడి కంటి డాక్టరు దగ్గర టీఈఎస్ గురించి విన్నాను. పూర్తి పేరు ట్రాన్స్‌కార్నియల్ ఎలక్ట్రికల్ స్టిమ్యులేషన్, అంటే కంటి ముందు పొర మీదుగా రెటీనాకి కొద్దిపాటి కరెంటు ఇవ్వడం. ఆపరేషన్ ఉండదు, కంట్లో ఏదీ అమర్చరు, ఇంట్లోనే చేసుకోవచ్చు.

కళ్లజోడు లాంటి ఫ్రేముకి సన్నని దారం లాంటి ఎలక్ట్రోడు ఉంటుంది. అది నల్లగుడ్డు కింది అంచున, కంటి తడి మీద ఆనుతుంది. కణత మీద ఇంకోటి అంటించుకోవాలి. వారానికోసారి అరగంట కూర్చుంటే చాలు. కరెంటు ఎంత పెట్టాలో డాక్టరు చూస్తారు. చీకటి గదిలో కొంచెం కొంచెంగా పెంచుతూ, ఏ స్థాయిలో మిణుకుమిణుకుమని వెలుగు మొదలవుతుందో అడుగుతారు. ఆ స్థాయికి ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో పెడతారు. ఆర్పీ ఉన్నవాళ్లకి ఆ వెలుగు కనిపించాలంటే మామూలు కళ్లకన్నా ఎక్కువ కరెంటు కావాలి.

ఆ మిణుకు గురించి కాస్త చెప్పాలి. ఏళ్ల తరబడి ఏమీ కనిపించని పక్కల్లో కూడా నాకు వెలుగు కదిలినట్టు అనిపించింది. మొదటిసారి ఏడ్చేశాను. చూపు వస్తోందని మనసు ఆశపడుతుంది. కానీ కరెంటు తగిలితే రెటీనాలో మిగిలి ఉన్న నాడీకణాలు ఇచ్చే స్పందన అది. స్విచ్ ఆపగానే పోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పాలి.

ఇబ్బంది అంటే కళ్లు పొడిబారడం. మర్నాడు ఇసుక పడ్డట్టు గరగరలాడతాయి, కృత్రిమ కన్నీటి చుక్కలు వేసుకుంటాను. దారం జరిగిపోతే మళ్లీ సర్దుకోవాలి. చూపు తక్కువైనవాళ్లకి అది ఒంటరిగా కష్టమే. మా ఆయన లేని వారం నాకు టెన్షన్. ఖర్చు విషయానికొస్తే, నా బీమా సంస్థ మొదట కాదంది. ఉత్తరాలు రాసి రాసి అలసిపోయి చివరికి సొంత డబ్బు పెట్టాం.

మరి పనిచేస్తుందా? జపాన్‌లో జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో, ఈ కరెంటు వల్ల రెటీనాలో మిగతా కణాలకి ఆసరాగా ఉండే ముల్లర్ కణాలు ఐజీఎఫ్-1 అనే రక్షక పదార్థాన్ని ఎక్కువ చేస్తాయని తేలింది. మనుషుల మీద ఇక్కడి ట్యూబింగన్‌ నగరంలో 24 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. ఆరు వారాల్లో కొందరి పక్కచూపు కాస్త పెరిగింది. తర్వాత 52 మందితో ఏడాది పాటు చేస్తే, పక్కచూపులో తేడా గణాంకాల లెక్కకి నిలవలేదు. భద్రతకు ఢోకా లేదని మాత్రం తేలింది. పక్కచూపు ఎంతవరకు ఉందో కొలిచే నా ఫీల్డ్ టెస్టులు ఈ మూడేళ్లలో పెద్దగా దిగజారలేదు. అది యంత్రం వల్లో, నా ఆర్పీ సహజంగానే నెమ్మదో చెప్పలేను, డాక్టరూ చెప్పలేరు. ఈ జబ్బు కదిలే వేగానికి ఒక్క మనిషి అనుభవంతో ఏదీ రుజువు కాదు.

గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి తల్లులు ఫోన్ చేస్తుంటారు: "అక్కా, ఆ మిషన్ తెప్పిస్తే మా బాబుకి చూపొస్తుందా?" రాదమ్మా అనే చెప్తాను. అప్పు చేసి కొనొద్దని గట్టిగా చెప్తాను. ముందు జన్యు పరీక్ష చేయించండి. ఆర్‌పీఈ65 జన్యువులో లోపం ఉంటే 2017లో అమెరికాలో అనుమతి పొందిన జన్యు చికిత్స ఉంది. అది చాలా కొద్దిమందికే వర్తిస్తుంది, ధర కూడా విపరీతం, కానీ తెలిసి ఉండటం మంచిది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో తక్కువ చూపుతో బతకడం నేర్పే విభాగం ఉంది, పిల్లల్ని అక్కడ చూపించండి. తెల్లకర్ర పట్టడం నేర్చుకున్నాకే నేను సాయంత్రాలు ఒంటరిగా బయటికి వెళ్లగలుగుతున్నాను. ఏ యంత్రం కోసమూ దాన్ని వాయిదా వేయొద్దు.

నేను ఇంకా వాడుతున్నానంటే, వారానికి అరగంట నాకు భారం కాదు, కంటి గరగర భరించగలను, ఉన్నది నిలబడే అవకాశం కొంచెమైనా వదులుకోవాలని లేదు. వచ్చే వేసవిలో మళ్లీ ఫీల్డ్ టెస్ట్. అందులో బాగా తగ్గినట్టు తేలితే ఆపేద్దామని డాక్టరూ నేనూ ముందే అనుకున్నాం.