చిన్న పిల్లల ఫ్లాగ్ ఫుట్‌బాల్ బెల్టులు: కొనొచ్చు, సైజు చూసుకోండి

అనంతపురంలో మా కాలనీ పిల్లలకు సాయంత్రాలు ఫ్లాగ్ ఫుట్‌బాల్ నేర్పడానికి ఈ బెల్టుల సెట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇదో రకం. ఇందులో ఎవర్నీ పట్టి పడేయరు, బంతి ఉన్నవాళ్ల నడుముకున్న జెండా లాగితే చాలు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోనూ ఉంది ఈ ఆట, జట్టుకు ఐదుగురు. కబడ్డీ అలవాటున్న మా పిల్లలు మొదట్లో జెండా వదిలేసి కాళ్లు పట్టుకునేవాళ్లు.

ఎత్తుగడలకు రంగుల పేర్లు పెట్టడం బాగా పనికొచ్చింది. ముగ్గుపిండితో నేల మీద గీతలు గీసి, "ఎరుపు అంటే ఐదడుగులు ఉరికి లోపలికి తిరుగు, పసుపు అంటే బంతి చేతికందుకుని పక్కకు పరుగెత్తు" అంటే ఆరేళ్ల పాప కూడా ఇట్టే పట్టేసింది. ఈ వయసుకు ఇలాంటి రెండు ప్లేలు (ఎత్తుగడలు) చాలు. జెండా వెల్‌క్రో టప్పున ఊడొస్తుంటే వాళ్లకు ఎంత సంబరమో!

బెల్టులే చిన్న నడుములకు వదులు. వేలాడే కొస కాళ్లకు తగలకుండా మడిచి కుట్టించాను. దొరికితే చిన్న సైజే తీసుకోండి.